పది అంగల దూరంలో ముఖచిత్రం

నిన్న గుంటూరు బస్టాండులో పుస్తకాల కొట్టాయన నన్ను తిట్టాడు. న్యాయమైన తిట్టే. తాడుకి క్లిప్పులతో వేలాడుతున్న సినిమా పత్రికని తీసి, నిలువునా సగానికి మడిచి, ఎడమ సగం మాత్రం చూసి, విప్పి, మళ్ళీ తాడుకి తగిలించి, దానివైపే చూస్తూ వెనక్కి నడిచి, అరటిపళ్ళ బండిని గుద్దుకున్నాను.

"కొంటావా, మడతలు పెట్టి పోతావా?" అన్నాడు కొట్టాయన.

"కళ్ళు వీపున పెట్టుకు నడవాల్సింది!" అంది అరటిపళ్ళావిడ.

నాకేమీ మతి చెడలేదు. ఒక పెద్దమనిషి అలవాటు అంటుకుంది, అంతే. ఆయన పేరు ఇక్కడ రాయను. రాస్తే ముందు ఆ అక్షరాలు ఏ సైజులో వేశారని అడుగుతారు, తరవాత ఏ రంగని అడుగుతారు, ఆ పైన ఫోను పెట్టరు. మాస్టారు అనుకుంటే చాలు. ఏ బళ్ళోనూ పాఠాలు చెప్పలేదు గానీ, చీరాల రైల్వే గేటు దగ్గర ఆయన అందరికీ మాస్టారే.

ఇలాంటివి మామూలుగా మనిషి పోయాక రాస్తారు. మీరు మొహం దిగాలుగా పెట్టనక్కర్లేదు. మాస్టారు నిక్షేపంగా ఉన్నారు. పర్చూరులో కూతురింట్లో ఉంటూ ఆ ఊరి ఫ్లెక్సీలన్నిటికీ వంకలు పెడుతున్నారు. మధ్యలో ఒకసారి మాత్రం ఆయన సంగతి అటో ఇటో అన్నట్టయింది. ప్రాణం సంగతి కాదు, కళ్ళ సంగతి. ఆయన దృష్టిలో ప్రాణం కొంచెం చిన్న విషయం.

విజయవాడ నుంచి వచ్చే ఒక సినిమా పత్రికకి ముప్పై ఏళ్ళు ముఖచిత్రం తయారుచేసింది ఆయనే. మొదట్లో సీజన్ టికెట్టు మీద రోజూ రైల్లో వెళ్ళివచ్చేవారట. వారపత్రిక కాస్తా మాసపత్రికయ్యాక, ఆఫీసులో ఆయన కుర్చీ ఇంకెవరో లాక్కున్నాక, అట్ట పని మాత్రం వదలకుండా వెంట తెచ్చుకుని, చీరాల గేటు పక్కనే ఉన్న మా మావయ్య ఫ్లెక్సీల షాపుకి వచ్చి చేరారు. కంప్యూటరు ముందు నేను, నా వెనక ఆయన. వెనక అంటే కుర్చీ వెనక కాదు. రోడ్డు మీద.

"పుస్తకం కొనేవాడు దాన్ని చేత్తో పట్టుకుని చూస్తాడనుకుంటున్నావా? బస్సు దిగి, సంచీ సర్దుకుంటూ, పది అంగల అవతల నుంచి చూస్తాడు. ఆ పది అంగల్లో వాడి కాళ్ళు మనవైపు తిరగాలి," అనేవారు. అందుకని తయారైన ప్రతి అట్టనీ పది అంగల దూరం నుంచే చూడాలి. మా షాపు లోతు ఆరు అంగలు. తక్కిన నాలుగూ మురిక్కాలవ దాటి రోడ్డు మీద పడేవి. గేటు పడి ఆటోలు, బళ్ళు బారులు తీరి ఉంటే, వాటి మధ్య నిలబడి నడుం మీద చేతులు వేసుకుని అరిచేవారు.

"ఒరేయ్! చెవి కొంచెం లోపలికి తోయ్!"

"ఎవరి చెవి మాస్టారూ?"

"హీరోది కాదురా, హీరోది ముట్టుకోకు!"

గేటు లేచేది. వెనక ఆటోవాడు హారను మోగించేవాడు. "మాస్టారూ, పక్కకి జరగండి, గుద్దేస్తాను!"

"ఆగవయ్యా, ఇంకా ముక్కు కుదరలేదు!"

ఒకసారి చీరల మూట నెత్తిన పెట్టుకుని గేటు దగ్గర నిలబడిన ఒకావిడ మా తెరవైపు చూసి, "ఆ పిల్లకి బొట్టు మరీ కిందికి పెట్టారయ్యా," అంది. మాస్టారు ఆవిణ్ణి కాదు, నన్ను తిట్టారు. "విన్నావుగా? పైకి జరుపు. ఆవిడకి తెలుస్తుంది గానీ నీకు తెలియదు." ఆ నెల అట్ట మీద బొట్టు చీరల మూటావిడ పెట్టించిందే.

ఆయనకి నియమాలుండేవి. ఎక్కడా రాసుకున్నవి కావు. నేను తప్పు చేసినప్పుడల్లా ఒకటి బయటికొచ్చేది. పత్రిక పేరు పైన ఉంటుంది కదా, హీరో జుట్టు అందులో ఒక అక్షరం మీదికి ఎక్కొచ్చు. అక్షరం మాత్రం హీరో నుదుటి మీదికి దిగకూడదు. "దిగిందంటే మర్నాడు ఆఫీసుకి అద్దాలుండవు." హీరోయిన్ కొనేవాడి కళ్ళలోకి చూడాలి. హీరో ఎటైనా చూడొచ్చు, దూరంగా చూస్తే దేశం గురించి ఆలోచిస్తున్నాడని జనం సర్దుకుంటారు. ఇద్దరూ ఉంటే ఆమె అతన్ని చూడాలి, అతను మనల్ని చూడాలి.

"మరి ఆమెని ఎవరు చూస్తారండీ?" అన్నాను.

"డబ్బులిచ్చినోడు."

తాడు మీద పత్రికలు ఒకదాని మీద ఒకటి వాలి ఉంటాయి కాబట్టి కుడి సగం పక్కపుస్తకం కింద పోతుంది. అందుకే చేతికొచ్చిన ప్రతిదాన్నీ నిలువునా మడిచి, ఎడమ సగంలోనే కథంతా ఉందా లేదా అని చూసేవారు. పెళ్ళి శుభలేఖలు కూడా మడిచేవారు. ఒక శుభలేఖ ఎడమ సగంలో పెళ్ళికూతురు పేరు లేదని, మడతలో వియ్యంకుడి పేరు మాత్రం నిండుగా కనబడుతోందని, ఆ పెళ్ళివారితో గంటసేపు వాదించారు.

పెద్ద అక్షరాల వార్త ప్రశ్నలా ఉండాలన్నది ఇంకో నియమం. అట్ట మీద 'పెళ్ళెప్పుడు?' అని వేస్తే లోపల పదిహేడో పేజీలో 'ఇంకా ఏమీ అనుకోలేదు' అని ఉండాలి. ఆ ముక్కేదో అట్ట మీదే వేసెయ్యొచ్చు కదా అన్నాను. నావైపు జాలిగా చూశారు. "అప్పుడు పదిహేడో పేజీ దేనికిరా?"

అన్నిటికన్నా నాకు నచ్చింది మిరపకాయల నియమం. మిర్చి కోతలు మొదలైనప్పటి నుంచి యార్డు ఖాళీ అయ్యేదాకా అట్టకి ఎర్ర బ్యాక్‌గ్రౌండు వెయ్యనిచ్చేవారు కాదు. "మనోళ్ళు ఆ నెలలన్నీ కళ్ళాల్లో పొద్దస్తమానం ఎరుపే చూస్తారు. అట్ట కూడా ఎర్రగా ఉంటే తుమ్ముతారు గానీ కొనరు." మరి హైదరాబాదువాళ్ళ సంగతేమిటని అడిగాను. "వాళ్ళకి తుమ్ములు రావుగా, ఏ రంగైనా కొంటారు," అన్నారు.

జేబులో ఎప్పుడూ స్టీలు స్కేలు ఉండేది. ఇద్దరు హీరోలు ఒకే అట్ట మీదికి వస్తే గడ్డం నుంచి జుట్టు మొదలు దాకా కొలిచి ఇద్దరి మొహాలూ సమానం చేసేవారు. ఒకసారి ఒక హీరో అభిమాన సంఘం కుర్రాళ్ళు నలుగురు పర్చూరు నుంచి వాళ్ళ స్కేలు వాళ్ళు పట్టుకుని వచ్చారు.

"మావాడి మొహం రెండు మిల్లీమీటర్లు తగ్గిందండీ. ఏంటి దీనర్థం?"

మాస్టారు తొణకలేదు. "మీవాడు వెనక నిలబడ్డాడు కాబట్టి తగ్గింది."

"అసలు వెనకెందుకు నిలబెట్టారండీ?"

"ముందు నిలబెడితే ఆ రెండోవాడు కనబడతాడా?"

నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఈ గొడవలో గెలిచింది తామే అని వాళ్ళకి అర్థం కావడానికి కాస్త టైము పట్టింది. వెళ్ళేముందు మాస్టారితో ఫోటో కూడా దిగారు.

మనుషుల్నీ అట్టలాగే చూసేవారు. మా మావయ్యది లోపలి పేజీ మొహం. పక్కవీధి బ్యాంకు మేనేజరుది వెనక అట్ట మొహం, అంటే సబ్బుల ప్రకటనలు వచ్చే చోటు. ఒకరోజు నన్ను కాసేపు తేరిపార చూసి, "నీది కింద కుడిపక్క గుండ్రంలో పెట్టే మొహంరా," అన్నారు. అది హాస్యనటుడి చోటు. నేను నొచ్చుకున్నానని అనుకుని వివరించారు. "పైన ఉన్న ఇద్దరూ ఎంత గంభీరంగా ఉన్నా కింద ఒకడు పళ్ళికిలించాలి. లేకపోతే అట్ట మరీ బరువెక్కిపోతుంది." నా గురించి ఇంతకన్నా మంచిమాట ఎవరూ అనలేదు. మా ఇంట్లోవాళ్ళతో సహా.

కళ్ళ సంగతి ఒక చీర వల్ల బయటపడింది. మా ఊళ్ళో చీరలమ్మే ఒకాయన ముదురు నీలం చీర తెచ్చి, దాని ఫోటోతో ఫ్లెక్సీ కావాలన్నాడు.

"ఈ నల్లచీర మీద తెల్ల అక్షరాలు బాగుంటాయి," అన్నారు మాస్టారు.

"నల్లచీర ఎక్కడుందండీ? ఇది నీలం."

"నలుపయ్యా."

"నూలుకి రంగద్దింది మా ఆవిడండీ."

"అయితే మీ ఆవిడ నలుపే అద్దింది."

చీరలాయన నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ సాయంత్రం ముఖచిత్రం పనిలో నవ్వు ఆగిపోయింది. తెర మీద హీరోయిన్ మొహం చక్కగా ఉంది. మాస్టారు రోడ్డు మీంచి, "పసుపెక్కువగా ఉంది, తగ్గించు," అన్నారు. తగ్గించాను. "ఇంకా తగ్గించు. నీలం కొంచెం పెంచు." పెంచాను. ఆ అమ్మాయి చలిజ్వరం మనిషిలా తయారైంది. ఇంకా పెంచమన్నారు. కాలవలోంచి తీసిన మనిషిలా తయారైంది.

"ఆఁ! ఇప్పుడు మొహంలోకి ప్రాణం వచ్చింది," అన్నారు మాస్టారు.

ఆయన ఇంటికి వెళ్ళాక రంగులన్నీ వెనక్కి తిప్పి, ప్రెస్సుకి నాది పంపాను. ఆయన చేయించిన ఫైలు పేరు 'మాస్టారు ఫైనల్'. నేను దిద్దినదాని పేరు 'మాస్టారు నిజం ఫైనల్'. మర్నాడే చెప్పేద్దామనుకున్నాను. చెప్పలేదు. ఎవరు కాస్త గాలి నింపుకుని వచ్చినా సూది గుచ్చడం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. కానీ ఈయన దగ్గర ఉన్నది ఆ ఒక్క అట్టే. నెలకి ఒక్కటి. దానికి గుచ్చితే తరవాత ఏముంటుందో నాకు తెలియలేదు. అలా రెండేళ్ళు, నెలనెలా, ఆయన నీలం పెంచడం, నేను తగ్గించడం.

అంతా సాఫీగా సాగుతుండగా నాకు పచ్చకామెర్లు వచ్చాయి.

మాస్టారు చూడ్డానికి వచ్చారు. మంచం పక్కన కూర్చుని నన్ను పరీక్షగా చూసి, "జబ్బు జబ్బు అని ఊరంతా చెప్పుకుంటున్నారు, ఏంట్రా? రోజూ ఎలా ఉన్నావో అలాగే ఉన్నావు!" అన్నారు.

మా అమ్మ చిన్నబుచ్చుకుంది. "ఆ కళ్ళు చూడండి అన్నయ్యగారూ, పసుపు ముద్దల్లా లేవూ?"

"వాడి కళ్ళు ఎప్పుడూ అంతేగదమ్మా!"

మా అమ్మ ఆ పూటంతా నన్ను అనుమానంగా చూసింది. ఇదేదో పాత జబ్బు, ఇన్నాళ్ళూ దాచానని.

ఆ నెల ముఖచిత్రానికి కంప్యూటరు ముందు మా మావయ్య కూర్చున్నాడు. మాస్టారు ఏది చెబితే అది, చెప్పినట్టల్లా చేశాడు. పత్రిక బజారులోకి వచ్చింది. అట్ట మీద అమ్మాయి నీలంగా మెరిసిపోతోంది. కొత్త సినిమాలో ఈవిడ కృష్ణుడి వేషం వేస్తోందా అని పాఠకులు ఆఫీసుకి ఫోన్లు చేశారట. ఎడిటరు మాస్టారికి ఫోను చేశాడు. నేను అప్పుడే కోలుకుని షాపుకి వచ్చాను. స్పీకరు పెట్టి ఉంది కాబట్టి నేనూ విన్నాను.

"మీ మీద గౌరవం ఉందండీ. కానీ ఇంకో నెల ఇలాగే వస్తే, ఏమీ అనుకోకండి, అట్ట హైదరాబాదు కుర్రాళ్ళకి ఇచ్చేస్తాం."

మాస్టారు ఫోను పెట్టి లేచారు. "ప్రెస్సోడు నీలం సిరా ఒంపేశాడురా. రేపు మొదటి బండికి విజయవాడ వెళుతున్నా. వాడి ముందే, ఎడిటరు ముందే, మన ఫైలు తెరిపిస్తా. తప్పెవరిదో అక్కడే తేలుతుంది."

తేలుతుంది, అదే నా భయం. ఆ ఫైలు తెరిస్తే అందులోనూ అమ్మాయి నీలంగానే ఉంటుంది. పదిమంది ప్రెస్సువాళ్ళ మధ్య, వేలు చూపిస్తూ, ఈయన ఒక్కరే ఆ మొహం బాగుందంటారు. ఆ తరవాత అట్ట ఉండదు, ముప్పై ఏళ్ళ పేరూ ఉండదు. రేపటి బండి లోపల చెప్పాలి.

రెండు కాగితాలు తీశాను. ఒకటి తెల్లది, ఒకటి లేత పసుపు. "మాస్టారూ, ఒక్కసారి మీ చోటికి వెళ్ళండి," అన్నాను. రోడ్డు మీదికి వెళ్ళి నిలబడ్డారు. గేటు పడి ఉంది. రెండు కాగితాలూ ఎత్తి పట్టుకున్నాను.

"ఏది తెలుపు?"

"ఏంట్రా ఈ ఆటలు?"

"చెప్పండి."

కొంచెం ముందుకి వంగారు. "రెండూ తెలుపేగా."

ఆయన పక్కనే ఆటోలో కూర్చున్న ఒక చిన్నపిల్ల, "కాదు తాతా, అదీ... పసుపు!" అంది.

మాస్టారు ఆ పిల్లవైపు చూశారు. నావైపు చూశారు. గేటు లేచింది, వెనక హారన్లు మొదలయ్యాయి. ఈసారి ఆగమని ఎవరినీ అనలేదు. మెల్లగా మురిక్కాలవ దాటి లోపలికి వచ్చి కూర్చున్నారు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఈమధ్యే అనుకుంటా," అని అబద్ధమాడాను. "శుక్లాలు అయ్యుంటాయి మాస్టారూ, అవి ముదిరితే అంతా పసుపు అద్దంలోంచి చూసినట్టుంటుందట. గుంటూరులో రోజూ ఎంతోమందికి తీస్తారు."

"తీస్తే రంగులు వస్తాయా?"

"వస్తాయంటున్నారు."

"అంటున్నారా, వస్తాయా?"

అక్కడ ఏదో ఒక జోకు వెయ్యాలి. నోరు తెరిచాను. రాలేదు. నా జీవితంలో అలా జరగడం అదొక్కసారే.

ఎడిటరుకి నేనే ఫోను చేసి, మాస్టారు వైద్యానికి వెళుతున్నారని చెప్పి, ఒక్క నెల గడువు అడిగాను. సరే అన్నాడు. ముందు కుడికన్ను. గుంటూరులో ఆపరేషను అరగంట కూడా పట్టలేదు. ఆ అరగంటా వరండాలో నేను, పిన్నిగారు, అంటే మాస్టారి భార్య, తలుపు వైపే చూస్తూ కూర్చున్నాం. ఆవిడ చేతిలో ఆయన స్టీలు స్కేలు ఉంది. జేబులోంచి తీసి ఇవ్వకపోతే లోపలికి రానివ్వమన్నారట.

మర్నాడు పొద్దున్న నర్సు కట్టు విప్పింది. మాస్టారు కన్ను తెరిచారు. మూశారు. మళ్ళీ తెరిచారు. మేం మంచం మీదికి వంగి చూస్తున్నాం. ఎదురుగోడ వైపు చూసి మొహం ముడుచుకున్నారు.

"ఈ గోడేంటి నీలంగా ఉంది?"

నేను డాక్టరు కోసం గుమ్మం వైపు తిరిగాను.

"నీలం వేశారు కాబట్టి నీలంగా ఉంది సార్," అంది నర్సు.

పిన్నిగారు కుర్చీలో కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంది. మాస్టారు ఆవిడవైపు తిరిగారు.

"నీ జుట్టు ఇంత తెల్లబడిందేంటే?"

"తెల్లబడి పదేళ్ళయింది. మీకు ఇప్పుడు తీరికైంది."

ఆ తరవాత నావంతు. పైనుంచి కింది దాకా చూసి, "మొహంలో పసుపంతా పోయింది. ఇన్నాళ్ళూ పెళ్ళికొడుకులా ఉండేవాడివి కదరా," అన్నారు. "కామెర్లు తగ్గాయండి," అన్నాను. జోకులు తిరిగొచ్చేశాయి. ఆ వార్డులో అందరికన్నా హాయిగా ఊపిరి పీల్చింది రోగి కాదు, నేను.

వారం తరవాత నల్ల కళ్ళద్దాలతో షాపుకి వచ్చారు. నేను టీ చెప్పడానికి వెళ్ళి వచ్చేసరికి నా కుర్చీలో కూర్చుని ఉన్నారు. తెర మీద ఫోల్డరు తెరిచి ఉంది. ఇదివరకు అంత చిన్న అక్షరాలు ఆయనకి కనిపించేవి కావు. ఇప్పుడు కనిపిస్తున్నాయి. మాస్టారు ఫైనల్, మాస్టారు నిజం ఫైనల్. మాస్టారు ఫైనల్, మాస్టారు నిజం ఫైనల్. రెండేళ్ళకి సరిపడా.

టీ గ్లాసులు అక్కడ పెట్టి పారిపోదామనుకున్నాను. గేటు పడి ఉంది, దారి లేదు.

"కూర్చో. ఒక్కొక్క జత తెరువు," అని రోడ్డు మీదికి వెళ్ళారు. తెరిచాను. ఎడమపక్క ఆయన నీలం అమ్మాయి, కుడిపక్క నా మామూలు అమ్మాయి. మాస్టారు అద్దాలు తీసి, ఎడమకన్ను మూసి ఒకసారి, కుడికన్ను మూసి ఒకసారి చూశారు. కొత్త కంటికి ఒక రంగు, పాత కంటికి ఒక రంగు. మళ్ళీ మార్చి మార్చి చూశారు. గేటు దగ్గర నిలబడిన చీరల మూటావిడ తనకే కన్ను కొడుతున్నాడనుకుని, "ఈ వయసులో ఏం పోయేకాలం!" అని మూట నెత్తి మీంచి చంకకి మార్చుకుని అవతలికి జరిగింది.

ఆయన అదేం వినలేదు. "తరవాతది," అన్నారు. "తరవాతది." "తరవాతది." అన్నీ అయిపోయాయి. లోపలికి వచ్చి స్టూలు మీద కూర్చున్నారు. చల్లారిన టీ తాగారు. తిట్టే ముందు గొంతు తడుపుకుంటున్నారనుకుని నేను మెడ వంచుకుని రెడీగా ఉన్నాను.

"రెండేళ్ళుగా పుస్తకం చేతికొచ్చినప్పుడల్లా, కాస్త పసుపు కనబడినా అది ప్రెస్సు సిరా అనుకుని, మీ పిన్నిగారికి చూపించి, ఈ వయసులో నా చెయ్యి ఇంకా బాగా తిరుగుతోంది చూడవే అనేవాణ్ణిరా," అన్నారు.

నేను మౌసు తీసి పక్కన పెట్టాను.

"మొత్తం ఇరవైనాలుగు. ఇరవైరెండు సరిగ్గా దిద్దావు. రెండు చెడగొట్టావు."

"ఏ రెండండీ?"

"వెళ్ళి పది అంగల అవతల నిలబడు, నీకే తెలుస్తుంది," అని స్కేలు తీసి, "ఇక ఈ నెలది తెరువు," అన్నారు.

ఆ నెల ముఖచిత్రం మీద అమ్మాయి అమ్మాయి రంగులోనే వచ్చింది. ఎడిటరు హైదరాబాదు కుర్రాళ్ళ మాట మళ్ళీ ఎత్తలేదు. మాస్టారు రెండో కన్ను కూడా చేయించుకుని, ఇంకో ఏడాది చేసి, తనంతట తనే మానేశారు. చివరి రోజున రోడ్డు మీద నిలబడి, ఏ సవరణా చెప్పకుండా, "పంపించెయ్," అన్నారు. ఆయన నోట ఆ మాట అంత తొందరగా రావడం విని నేనే రెండుసార్లు అడిగాను.

ఆ రెండు ఏవో మాత్రం నాకు ఇప్పటికీ తెలియలేదు. ఎక్కడ తాడు మీద పుస్తకం కనబడినా మడుస్తున్నాను, వెనక్కి నడుస్తున్నాను. నిన్న బస్టాండులో అందుకే అరటిపళ్ళ బండిని గుద్దుకున్నది. పాపపరిహారంగా కొట్టాయన దగ్గర పత్రిక, ఆవిడ దగ్గర అర డజను పళ్ళు కొన్నాను. పత్రిక మళ్ళీ తాడుకే పెట్టించి, దూరం నుంచి ఫోటో తీసి మాస్టారికి పంపాను. 'పది అంగల నుంచి తీశాను. ఎలా ఉంది? పనిలో పని, ఆ రెండేవో చెప్పండి,' అని రాశాను.

రెండు నిమిషాల్లో వాయిస్ మెసేజ్ వచ్చింది. వెనక ఎవరో పిల్లలు అల్లరి చేస్తున్నారు, పిన్నిగారు ఎవరినో అన్నానికి పిలుస్తోంది. మాస్టారి గొంతు మాత్రం రైల్వే గేటు దగ్గర అరిచినట్టే ఉంది.

"ఒరేయ్, ఎవరికి చెబుతావురా పది? ఎనిమిది అంగలే అది! క్లిప్పు స్ప్రింగు కూడా కనబడుతోంది నాకు. ఇంకో రెండు వెనక్కి వెయ్, అప్పుడు చెబుతా."

వెనక్కి తిరిగి చూశాను. పర్చూరు బస్సు రివర్సులో వస్తోంది. కండక్టరు ఈల ఊదుతున్నాడు.

"ఆగండి సార్, రెండే అంగలు!" అని అరిచాను.